కుడి పేజీలో పేర్లు

చర్చి కింది వంటగదిలో పొయ్యిల వేడికి కిటికీ అద్దాలు చెమట పట్టాయి. పొడవాటి బల్లకు అటూ ఇటూ పదిమంది ఆడవాళ్ళు నిలబడి పిరోహీలు చేస్తున్నారు. పలచగా ఒత్తిన పిండిని గ్లాసు మూతితో బిళ్ళలుగా కోసేవాళ్ళు ఒకవైపు, ఆ బిళ్ళల్లో బంగాళాదుంప ముద్ద పెట్టి కజ్జికాయల్లా మడిచి అంచులు నొక్కేవాళ్ళు ఇంకోవైపు. ఈస్టర్ వెళ్ళి రెండు రోజులైంది. వచ్చే ఆదివారం సమాధుల పండగ. ఆ రోజు ఫాదర్ ఒక్కో సమాధి దగ్గరా ఆగి చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతాడు. అదయ్యాక ఊరంతా ఈ గదిలోనే భోంచేస్తుంది. రెండు వేల పిరోహీలైనా లేకపోతే జోర్యా ఊరి చర్చి పరువు దక్కదు.

తెక్లా అందరిలోకీ పెద్దది, డెబ్భై అయిదేళ్ళు. బిళ్ళ ఆవిడ చేతిలో పడితే మూడు నొక్కుల్లో పని అయిపోతుంది. తన పని తను చేసుకుని ఊరుకునే మనిషి కాదు. పక్కవాళ్ళు పూర్తి చేసినవి తీసి, అంచు బొటనవేలితో తడిమి, మళ్ళీ నొక్కి పెడుతుంది.

"తెక్లా పెద్దమ్మా, నేను చేసింది కూడా పిరోహీయే. నీ దగ్గర పరీక్ష పాసవ్వాలా?" అంది ఎదురుగా ఉన్న యవ్దోఖా.

"మరుగుతున్న నీళ్ళలో నోరు తెరుచుకుంటే నిన్ననరే, నన్నంటారు. వంటగదికి పెద్దదాన్ని కదా," అంది తెక్లా తల ఎత్తకుండా. "అయినా నీ చేతిలో పడ్డాక దేనికి నోరు మూతపడుతుందిలే."

బల్లంతా గొల్లుమంది. పిండి ఒత్తుతున్న తెక్లా కూతురు జెనోవియా కూడా నవ్వింది. ఆ నవ్వులోనే మెతోది మెట్లు దిగి వచ్చాడు. చర్చి కమిటీకి పెద్ద ఆయనే. చేతిలో టైపు కొట్టించిన కాగితం ఉంది. ఈ దేశానికి మొదట వచ్చి, ఆల్బర్టాలో ఈ బీడు నేల దున్నినవాళ్ళ పేర్లతో శ్మశానం గేటు దగ్గర నల్లరాయి నిలబెడుతున్నారు. సోమవారం శిల్పి వస్తాడు.

"నలభై ఒక్క పేర్లు. ఒకసారి వినండమ్మా, తప్పులుంటే ఇప్పుడే చెప్పండి, చెక్కాక నా ప్రాణం తీయొద్దు," అని చదివాడు. ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు చేతులాపి పిండి వేళ్ళతోనే శిలువ గుర్తు వేసుకున్నారు.

చదవడం అయిపోయింది. జెనోవియా అప్పడాల కర్ర పక్కన పెట్టింది.

"మా తాత పేరేది, బాబాయ్?"

"ఏ తాత?"

"మా అమ్మ వాళ్ళ నాన్న. హ్నాత్. పంతొమ్మిది వందల ఏడులో వచ్చి, గొడ్డలితో అడవి కొట్టి, మట్టిగుడిసె వేసింది ఆయన కాదా?"

మెతోది కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "వేశాడు. ఎనిమిదేళ్ళకి పెళ్ళాన్నీ పిల్లనీ ఆ గుడిసెలో వదిలి పోయాడు. ఎటు పోయాడో, ఎవర్ని చేరాడో, ఎక్కడ చచ్చాడో నీకు తెలుసా అమ్మాయ్? ఒక్క కాగితం ముక్కుందా? పారిపోయినవాడిని రాయికెక్కిస్తే, ఇక్కడే దున్ని దున్ని చచ్చినవాళ్ళ పిల్లలు నా మొహాన ఉమ్మరా?"

"పారిపోయాడని నీకెవరు చెప్పారు?"

"ఉన్నాడని నువ్వు చెప్పు."

జెనోవియాకు తల కొట్టేసినట్టయింది. ఎవరైనా ఒక మాట అంటారేమోనని చుట్టూ చూసింది. యవ్దోఖా బంగాళాదుంప ముద్దలు లెక్కపెడుతున్నట్టు గిన్నెలోకి తొంగి చూస్తోంది. చివరికి మాట్లాడింది తెక్లాయే.

"మెతోది చెప్పింది నిజమే. పిండి ఆరిపోతోంది, నీ పని చూసుకో," అంది కూతురితో. ఆవిడ వేళ్ళు మాత్రం ఒకటే పిరోహీని నాలుగోసారి, అయిదోసారి నొక్కుతున్నాయి. అంచు చిరిగి ముద్ద బయటికొచ్చింది. దాన్ని ఎవరూ చూడకముందే ఏప్రన్ జేబులో వేసుకుంది.

*

జోర్యాలో ప్రతి ఇంటికీ ఒక పేర్ల పుస్తకం ఉంటుంది. చిన్నది, ప్రార్థన పుస్తకంలో ఇమిడిపోయేటంత. ఎడమ పేజీలో ఇంట్లో బతికున్నవాళ్ళ పేర్లు, కుడి పేజీలో చనిపోయినవాళ్ళవి. కుడి పేజీకి పైన నల్ల శిలువ వేస్తారు. ఇంటిపేర్లు రాయరు, తేదీలు రాయరు. దేవుడికి వాటితో పనిలేదు. బతికున్నవాడిని పొరపాటున కుడి పేజీలో రాస్తే వాడికి ఆయుష్షు మూడుతుందని ముసలివాళ్ళ భయం. అందుకే కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళకు ఆ పని ఇవ్వరు.

జెనోవియా అమ్మమ్మ వసిలీనా తను పోయేదాకా హ్నాత్ పేరు ఎడమ పేజీలోనే ఉంచింది. ఆవిడ పోయాక కొత్త పుస్తకం రాసింది తెక్లా. అందులో హ్నాత్ ఏ పేజీలోనూ లేడు.

"బతికున్నాడో లేడో తెలీనివాడిని ఎక్కడ రాయను?" అంది ఒకసారి జెనోవియా అడిగితే. "తెలిసిన రోజున రాస్తా."

ఆ తెలియడం కోసమే జెనోవియా రెండేళ్ళుగా తిరుగుతోంది. భూముల ఆఫీసులో హ్నాత్ వేలిముద్ర ఒకటి దొరికింది. దాని పక్కన ఊరి పేరుండాల్సిన చోట "ఆస్ట్రియా" అని మాత్రమే ఉంది. పాత దేశాన్ని అప్పుడు ఆస్ట్రియా ఏలేది కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్ళందరినీ అట్లాగే రాశారు. పాత దేశంలో ఏ ఊరో తెక్లాకు తెలియదు. ఫోటో లేదు. అతను 1915 వసంతంలో రైలు పట్టాల పని వెతుక్కుంటూ నడిచి వెళ్ళాడన్నది ఒక్కటే తల్లి చెప్పింది. చివరికి చలికాలంలో తమ భాషలో వచ్చే వారపత్రికకి ఒక ప్రకటన పంపింది. రాయడానికి వేరే ఏమీ లేక, ఉన్న పేర్లే రాసింది: హ్నాత్, భార్య వసిలీనా, కూతురు తెక్లా, పసివాడుగా పోయిన కొడుకు ఓనుఫ్రీ.

జవాబు బుధవారం వచ్చింది. పడమటి కొండల్లో బ్లాక్‌రిడ్జ్ అనే బొగ్గు గనుల ఊరి నుంచి. జెనోవియా పోస్టాఫీసు మెట్ల మీదే నిలబడి చదివింది. కాళ్ళు ఆగక తల్లి ఇంటికి దాదాపు పరిగెత్తింది.

తెక్లా పెరట్లో మంచు కరిగిన మడిలో నిరుటి దుబ్బులు పీకుతోంది. "ఏమే, ఎవరైనా పోయారా?" అంది.

"చదువుతా, విను. కూర్చుని విను."

"నిలబడి వింటే చెవులు పనిచెయ్యవా?"

జెనోవియా చదివింది. "'అమ్మా, మీ ప్రకటన మా పక్కింటావిడ చూపించింది. నా పేరు మెలానియా. మా నాన్న పేరు హ్నాత్. నలభై ఏడులో పోయాడు. ఆయన పేర్ల పుస్తకంలో కుడి పేజీ మొదట్లో వసిలీనా, తెక్లా, ఓనుఫ్రీ అని మీరు రాసిన వరసలోనే ఉన్నాయి. వాళ్ళు ఆయన మొదటి భార్యా పిల్లలూ. ముగ్గురూ పద్దెనిమిదో సంవత్సరం జ్వరాల్లో పోయారు. మీరు వాళ్ళకేమవుతారు?'"

తెక్లా దుబ్బు పట్టుకున్న చేయి వదలలేదు. "మళ్ళీ చదువు," అంది. "ఆఖరి ముక్క."

"మీరు వాళ్ళకేమవుతారు?"

"ఏమవుతానా? చచ్చినపిల్లనవుతాను." దుబ్బుని వేర్లతో సహా పీకి గట్టు అవతలికి విసిరింది. "చూశావా? రెండో పెళ్ళికి అడ్డమొస్తామని ముగ్గుర్నీ చంపేశాడు. ఫాదర్ ముందు శిలువ పట్టుకుని, నా వాళ్ళంతా పోయారని ప్రమాణం చేసుంటాడు."

"అమ్మా, ఎవరైనా తప్పుడు కబురు చెప్పి ఉండొచ్చు కదా."

"ఓనుఫ్రీ పుట్టింది ఆయన వెళ్ళిన అయిదు నెలలకి. వాడి పేరు ఆయనకెట్లా తెలిసింది చెప్పు? పద్దెనిమిదిలో వాడు పోయినప్పుడు, పడమటికి పోయే రైలు కూలీ ఒకడితో అమ్మ కబురు పంపింది. ఆయన ఆ కొండల్లో గనిలో ఉన్నాడని చెప్పిందీ వాడే. జవాబు రాలేదు కాబట్టి నేనీ మాట నీకెప్పుడూ చెప్పలేదు. కబురు అందకపోతే పేరు తెలీదు. అందింది కాబట్టే తెలిసింది. అంది కూడా మమ్మల్ని చచ్చినవాళ్ళలో రాశాడు!" ఆవిడ ఇంకో దుబ్బు పట్టుకుని లాగింది. "మా అమ్మ ముప్ఫై అయిదేళ్ళు ఆయన్ని బతికున్నవాళ్ళలో ఉంచింది జెన్యా. ముప్ఫై అయిదేళ్ళు, ప్రతి పండక్కీ."

నిజం కావాలని రెండేళ్ళు తిరిగినందుకు జెనోవియాకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏదీ తెలియకుండా ఉన్నప్పుడే అమ్మ నయంగా ఉంది.

"వెళ్దాం," అంది తెక్లా చేతులు గౌనుకు తుడుచుకుంటూ.

"ఎక్కడికి?"

"ఆ ఊరికే. నన్ను పాతిపెట్టిన చోటు చూడొద్దూ?"

*

శుక్రవారం పొద్దున బయల్దేరి, దారిలో ఒక రాత్రి ఆగి, శనివారం మధ్యాహ్నానికి బ్లాక్‌రిడ్జ్ చేరారు. దారి పొడుగునా తెక్లా మాట్లాడింది తక్కువ. ఒళ్ళో చేతిరుమాలులో కట్టిన ఈస్టర్ రొట్టె ఉంది. ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్ళకూడదన్న నియమం కోపంలో కూడా తప్పలేదు.

మెలానియా గుమ్మంలోనే నిలబడి ఉంది. అరవై మూడేళ్ళుంటాయి, లావుపాటి మనిషి. బీటు దుంపలు తురుముతోందేమో, మోచేతుల దాకా ఎర్రగా ఉంది. జెనోవియా ఆవిడ గడ్డం చూసి ఆగిపోయింది. అది అమ్మ గడ్డం. మధ్యలో అదే గుంట.

"రండమ్మా. ఉత్తరానికి జవాబుగా మనుషులే వస్తారనుకోలేదు," అంది మెలానియా చేతులు దాచుకుంటూ. "ఏం అనుకోకండి, ఈ ఎరుపు చూసి ఎవర్నో పొడిచి వచ్చాననుకుంటారు."

"నేను జెనోవియా. మీరు ఉత్తరం రాసింది నాకే. ఈవిడ మా అమ్మ."

"అలాగా. పెద్దమ్మా, మీరు వాళ్ళకేమవుతారు?"

తెక్లా రొట్టె మూట బల్ల మీద పెట్టింది. "నేనే తెక్లాని."

మెలానియా ముందు అర్థంకానట్టు నవ్వింది. తరవాత నవ్వు పోయింది. తరవాత చేయి నోటికి అడ్డం పెట్టుకుంది, బుగ్గంతా ఎర్ర మరక అయింది. "అయ్యో దేవుడా," అని కూర్చుండిపోయింది. "నాకు మీ పేరే పెడతానన్నాడట. మా అమ్మ పెట్టనివ్వలేదు, చచ్చినపిల్ల పేరు దీనికొద్దని."

"చావలేదు. చంపాడు," అంది తెక్లా. "నీకు నాన్న కావచ్చు, నేను మాత్రం ఉన్నమాటే అంటాను. నా తల్లి కొలిమిలాంటి ఎండలో మగవాడి పని చేసి నన్ను పెంచింది. మొగుడు వదిలేసిన ఆడదని ఊరు ఊరంతా నవ్వింది. ఇక్కడాయన మమ్మల్ని చావు పేజీలో రాసి, నీ తల్లిని చేసుకుని, హాయిగా ఉన్నాడు."

"హాయిగానా?" మెలానియా గొంతు లేచింది. "మీరు నాకు అక్క అవుతారు, ఎదురు చెప్పకూడదు. కానీ హాయిగా మాత్రం అనకండి. రోడ్డు మీద పని వెతుక్కుంటున్నవాడిని, జేబులో గుర్తింపు చీటీ లేదని పోలీసులు పట్టుకుపోయారు. యుద్ధం కదా, వీళ్ళ లెక్కలో మనం ఆస్ట్రియావాళ్ళం, శత్రువులం. రెండేళ్ళు ముళ్ళతీగ వెనకాల చెట్లు కొట్టించారు. ఆ తరవాత కాపలాతో ఈ గనికి తెచ్చారు. రాయడం రాదు, చదవడం రాదు. రాసిపెట్టమని కాపలావాడిని అడిగితే వాడు నవ్వేవాడట. ఆఖరికి ఇంటి నుంచి వచ్చింది ఒకే ఒక్క కాగితం. అది వచ్చాక ఆయన మూడు రోజులు గనిలో దిగలేదు."

"ఏ కాగితం?"

"చావు కాగితం. నాన్న అబద్ధమాడాడని అంటున్నారే, కాగితం ఉందక్కా. అబద్ధం కాదు."

ఆవిడ లేచి ఎర్ర చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. తడి లేకుండా తుడుచుకుని, మూలనున్న మేరీమాత పటాన్ని గోడ నుంచి దించింది. పటం వెనక అట్టకు ఒక బట్ట కుట్టి ఉంది. కుట్టు విప్పకుండా రెండు వేళ్ళు పోనిచ్చి, నాలుగు మడతల కాగితం బయటికి తీసింది. మడతల దగ్గర చిరిగిపోతే గంజితో అతికించి ఉంది.

"రైలు కూలీ ఎవరో తెచ్చిచ్చాడట. ఇది ముందు పట్టుకొచ్చినవాడు దారిలో జ్వరంతో పోయాడని, తన చేతికిచ్చాడని, తనకింకేమీ తెలీదని చెప్పాడట. ఇక్కడ చదువొచ్చినవాడొకడు చదివిపెట్టాడు. వెళ్ళి సమాధులైనా చూసొస్తానని పోలీసుల్ని ఊరు దాటే అనుమతి చీటీ అడిగాడు మా నాన్న. 'అందరూ పోయాక ఎవరికోసం వెళ్తావు, బొగ్గు తవ్వుకో' అన్నారట."

కాగితం బల్ల మీద పరిచింది. ఊదారంగు పెన్సిలుతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. పైన శిలువ. దాని కింద ఒకదాని కింద ఒకటి మూడు పేర్లు. వసిలీనా. తెక్లా. ఓనుఫ్రీ. అంతే, ఇంకో ముక్క లేదు.

జెనోవియాకు కూడా అనుమానం రాలేదు. చర్చిలో చదవడానికి ఇచ్చే మృతుల చీటీ సరిగ్గా అట్లాగే ఉంటుంది. ఎవరు చదివినా ముగ్గురూ పోయారనే చెబుతారు. "అమ్మా, చూశావా? తాత అబద్ధమాడలేదు," అంటూ తల్లి వైపు తిరిగింది. ఎవడో దుర్మార్గుడు రాసి ఉంటాడని అనబోయింది.

తెక్లా కాగితాన్ని ముట్టుకోలేదు. దాని మీదికి వంగి, వేలిని గాలిలోనే అక్షరాల వెంట నడిపిస్తోంది. వేలు సరిగ్గా అక్షరం ఎక్కడ మొదలైందో అక్కడ మొదలై, ఎక్కడ తిరిగిందో అక్కడే తిరుగుతోంది. రెండో పేరు మీదకి వచ్చేసరికి ఆ వేలు ఆగింది.

"పెన్సిలు తడిపితే ఊదాగా రాసేది," అంది. "నాలిక కూడా ఊదాగా అయింది. అమ్మ తిట్టింది."

ఆవిడ కాగితం మీంచి తల ఎత్తకుండానే చెప్పుకుపోయింది.

"అమ్మకి రాయడం రాదు. ఆ చలికాలం చర్చి పాటగాడి దగ్గర నేను పేర్లు రాయడం నేర్చుకున్నాను. పేర్లొక్కటే. ఉత్తరం రాయడం రాదు. బుజ్జిగాడు పోయాడు, ప్రార్థన చేయించమని రాయవే అంది అమ్మ. మిగతాది ఆ కూలీ నోటితో చెబుతానన్నాడు. నాకు వచ్చింది ఈ చీటీయే. శిలువ వేశాను, ఓనుఫ్రీ అని రాయబోయాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "వాడికి మూడేళ్ళు. చీకటంటే భయం. నేనూ అమ్మా చెరో పక్కన పడుకుంటే తప్ప నిద్రపోడు. కాగితంలో ఒక్కడూ ఉంటే భయపడతాడని, ముందు అమ్మ పేరూ నా పేరూ రాసి, కింద వాడిది రాశాను. అమ్మకి చదవడం రాదు కదా. చూసి, బాగుందే అంది."

మెలానియా కళ్ళొత్తుకుంటోంది. వంటగదిలో చినిగిన పిరోహీని జేబులో దాచుకున్న మనిషి ఇప్పుడు దేన్నీ దాచుకోవడం లేదు.

"అందరికీ చెప్పాను, వదిలేశాడని," అంది తెక్లా. "అమ్మ నమ్మలేదు. నేనే నమ్మించాలని చూశాను."

"ఎనిమిదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసమ్మా."

"తెలీదు. తెలీకుండానే చేశాను. చేసింది మాత్రం నేనే కదా." ఆవిడ తల ఎత్తింది. "మెతోదికి ఫోన్ చెయ్యి. హ్నాత్ పారిపోలేదని చెప్పు. ఎందుకు రాలేదో కూడా చెప్పు, నా పేరు పెట్టి చెప్పు. రాయి మీద రాస్తే రాస్తాడు, లేకపోతే లేదు. నవ్వింది చాలని మాత్రం నా మాటగా చెప్పు."

మెలానియా తండ్రి పుస్తకం తెచ్చింది. రేపు సమాధుల దగ్గర చదవాల్సింది అదే. కలం మూత తీసి కుడి పేజీ తెరిచింది. "ముందు మీ పేరు కొట్టేస్తానక్కా. ఇన్నేళ్ళు బతికున్న మనిషికి ఎంత పాపం చేశాం."

తెక్లా ఆవిడ చేతి మీద చేయి వేసి ఆపింది. "ఉండనీ. నాన్న బతికినన్నాళ్ళూ చదివించాడు. ఒక్కసారి నన్ను విననీ. ఆ తరవాత కొట్టేద్దువుగాని."

"బతికుండగా వినకూడదేమోనక్కా..."

"డెబ్భై అయిదేళ్ళొచ్చాయి. ఇప్పుడింకేం ఆయుష్షు మూడుతుంది?"

*

ఆదివారం కొండ మీద నుంచి చలిగాలి కొడుతోంది. బ్లాక్‌రిడ్జ్ శ్మశానం ఏటవాలు నేల మీద ఉంది, ముసలివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎక్కుతున్నారు. ప్రతి సమాధి మీదా తువ్వాలు పరిచి రొట్టె, రంగు గుడ్లు, వెలిగించిన కొవ్వొత్తి పెట్టారు. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే జనం చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

హ్నాత్ సమాధి మీద చిన్న సిమెంటు శిలువ. తెక్లా జోర్యా నుంచి తెచ్చిన రొట్టెని మెలానియా రొట్టె పక్కన పెట్టింది. కొవ్వొత్తి సరిగ్గా నిలబడడం లేదని మట్టి తవ్వి, నొక్కి, మళ్ళీ నొక్కింది. జెనోవియా చేయి పట్టుకోబోతే వద్దంది.

ఫాదర్ పాటగాళ్ళతో వచ్చాడు. ధూపం వేశాడు. మెలానియా ఇచ్చిన పుస్తకం కుడి పేజీ తెరిచి, ఏటా చదివినట్టే గబగబా అందుకున్నాడు.

"నీ సేవకురాలు వసిలీనా..."

పాటగాళ్ళు దీర్ఘం తీశారు. జనమంతా తలలు వంచారు. తెక్లా వంచలేదు.

"నీ సేవకురాలు తెక్లా..."

"ఉన్నాను," అంది తెక్లా.

గట్టిగా ఏమీ అనలేదు. అయినా పాట ఆగింది. ఫాదర్ కళ్ళజోడు మీద నుంచి చూశాడు. తెక్లా మోకాళ్ళ మీద కూర్చుని, సిమెంటు శిలువకి నోరు దగ్గరగా పెట్టి, చెవుడున్న మనిషికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"నాన్నా, నేను తెక్లాని. అమ్మ కూడా అప్పుడు పోలేదు. చీటీ తప్పు రాశాను."

ఫాదర్ వేలు పెట్టి ఉంచిన చోటి నుంచి తరవాతి పేరు చదివాడు.